పాత సైకిలుకు కొత్త పళ్లు

యాభై ఏళ్లనాటి గేర్ల సైకిలు. చూస్తే ముచ్చటేస్తుంది. తొక్కితే మాత్రం కటకటమంటుంది. గేరు మారదు, మారినా నిలవదు. 'ఇక దీని పని అయిపోయింది' అనుకుంటారు చాలామంది. నిజానికి అరిగింది సైకిలు కాదు... అందులోని నాలుగైదు చిన్న భాగాలు! వాటిని గుర్తుపట్టి మార్చుకుంటే తాతలనాటి సైకిలు మళ్లీ కొండెక్కుతుంది.

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో గయోలే ఇన్ కియాంటి అనే చిన్న ఊరుంది. ఏటా అక్టోబరులో అక్కడ పాత సైకిళ్ల తిరునాళ్లు జరుగుతుంది. పేరు 'లెరోయికా'. 1997లో మొదలైన ఈ యాత్రకు ఓ షరతుంది. 1987కి ముందు తయారైన రేసు సైకిలే తేవాలి. గేర్లు మార్చే మీటలు ఫ్రేము గొట్టానికే ఉండాలి. దారిలో చాలా భాగం తెల్లటి కంకర బాటలే. అన్నిటికన్నా పొడవైన దారి 200 కిలోమీటర్ల పైనే!

అద్దాల బీరువాలో దాచుకున్న సైకిలుతో ఆ గుట్టలు ఎక్కడం కుదరదు. అందుకే యాత్రకు ముందు అందరి చూపూ వెనక చక్రం దగ్గర వేలాడే ఒక చిన్న పరికరం మీదే ఉంటుంది. అదే డిరెయిలర్‌.

తప్పించడమే దాని పని

మనకు బాగా తెలిసిన హీరో, అట్లాస్‌ సైకిళ్లకు వెనక ఒకటే పళ్లచక్రం. దాని మీంచి చైను తప్పిందంటే బండి ఆపి, చేతులు మసి చేసుకోవాల్సిందే. గేర్ల సైకిలుకు వెనక ఐదారు పళ్లచక్రాలుంటాయి. చైనును కావాలనే ఒకదాని మీంచి తప్పించి పక్కదాని మీదకు నెడుతుంది డిరెయిలర్‌. పేరుకు అర్థం కూడా 'పట్టాలు తప్పించేది' అనే. చైను పెద్ద చక్రం మీదకు వెళితే ఎత్తు ఎక్కడం తేలిక. చిన్నదాని మీదకు వస్తే వేగం.

ఇంత ఉపయోగమున్నా టూర్‌ డి ఫ్రాన్స్‌ పోటీలో 1937 దాకా దీన్ని అనుమతించలేదు. అప్పటివరకూ కొండ వచ్చిందంటే దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవారు. ఇటలీలోని విచెంజాలో 1933లో కంపెనీ పెట్టిన తుల్లియో కంపాన్యోలో తర్వాత ఈ పరికరానికి ఓ చక్కని రూపమిచ్చాడు. ఆ సంస్థ 1967లో తెచ్చిన 'నువో రికార్డ్‌' డిరెయిలర్‌ అల్యూమినియంతో చేసింది. ఎడ్డీ మెర్క్స్‌ లాంటి విజేత సైకిలుకూ అదే ఉండేది. అలాంటివి ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ముందు చైను కొలవండి

గేర్లు మొరాయిస్తే చాలామంది డిరెయిలర్‌నే తిడతారు. అసలు దొంగ తరచూ చైనే! 'చైను సాగింది' అంటాం కానీ ఇనుము సాగదు. లంకెల మధ్య పిన్నులు అరిగి సందు పెరుగుతుంది. కొత్త చైనులో 24 లంకెలు కలిపితే సరిగ్గా 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు. అది ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగిందంటే చైను మార్చాలి. మూడు మిల్లీమీటర్లు దాటితే వెనకున్న పళ్లచక్రాలు కూడా అరిగినట్టే. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది. అందుకే ఆ రెంటినీ జంటగా మార్చాలి.

వెనక పళ్లచక్రాల గుత్తిని ఫ్రీవీలు అంటారు. అది చక్రం హబ్బుకు మరలతో బిగిసి ఉంటుంది. తొక్కేకొద్దీ ఇంకా బిగుస్తుంది. దాన్ని విప్పడానికి ఆ రకానికి సరిపోయే పానా తప్పనిసరి. చేతికందినదానితో కొడితే గాడులు విరిగి, చక్రమే విప్పదీయాల్సిన పరిస్థితి వస్తుంది. ఇంకో చిక్కు... పాత ఫ్రెంచి సైకిళ్ల మరలు, ఇంగ్లిషు సైకిళ్ల మరలు ఒకటి కావు. బలవంతంగా తిప్పారో, హబ్బు పాడైపోతుంది.

తర్వాత డిరెయిలర్‌ కింద చైనును నడిపించే రెండు చిన్న జాకీ చక్రాలు. వాటి పళ్లు ముళ్లలా సూదిగా మారినా, చేత్తో కదిపితే అటూ ఇటూ ఊగినా మార్చాలి. పళ్ల లెక్క, మందం, మధ్య రంధ్రం కొలుచుకుని కొంటే కొత్తవి దొరుకుతాయి. తుప్పుపట్టిన గేరు వైరు, దాని తొడుగు కూడా మార్చేస్తే సగం సమస్య తీరుతుంది. డిరెయిలర్‌ కీళ్లను మాత్రం కిరోసిన్‌తో కడిగి, తుడిచి, చుక్క నూనె వేస్తే చాలు.

పాతదానికి ఓ సుగుణం

కొత్త సైకిళ్లలో మీట నొక్కితే 'టక్‌' మని గేరు మారుతుంది. షిమానో 1984లో ఈ పద్ధతిని తన డ్యూరా ఏస్‌లో ప్రవేశపెట్టింది. అందులో ప్రతి భాగం కొలత కచ్చితంగా కలవాలి. పాత మీటలకు ఆ టక్‌ ఉండదు. చేత్తో ఎంత లాగాలో తొక్కేవాడే చూసుకుంటాడు. అందుకే వేరే కంపెనీ చైను వేసినా, వేరే జాకీ చక్రం బిగించినా అవి సర్దుకుపోతాయి.

అన్నీ ఇలా బతకవు. 1960ల నుంచి ఫ్రాన్సుకు చెందిన సింప్లెక్స్‌ సంస్థ డెల్‌రిన్‌ అనే ప్లాస్టిక్‌తో డిరెయిలర్లు చేసింది. ఎన్నో ప్యూజో సైకిళ్లకు అవే వచ్చాయి. కాలం గడిచేకొద్దీ అందులో పగుళ్లొస్తాయి. పగులు కనిపిస్తే అతుకులేసి తొక్కొద్దు. లోహంతో చేసినది బిగించడమే మేలు.

ఏది మార్చినా ఆఖరున ఓ పరీక్ష తప్పదు. డిరెయిలర్‌కు రెండు చిన్న స్క్రూలుంటాయి. చైను ఎంతవరకు వెళ్లాలో వాటితోనే హద్దు గీయాలి. ఆ హద్దు తప్పితే డిరెయిలర్‌ స్పోకుల్లో ఇరుక్కుంటుంది. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. ముందు వెనక చక్రాన్ని గాల్లోకి లేపి, చేత్తో పెడల్‌ తిప్పుతూ అన్ని గేర్లూ మార్చి చూసుకోవాలి. ఆ తర్వాతే సీటెక్కాలి.

తీసేసిన భాగాలను పారేయకండి. ఓ డబ్బాలో వేసి దాచండి. రేపు దాన్ని తొక్కే మనవడికి, ఏది మొదటి నుంచీ ఉన్నదో, ఏది మీరు వేసిందో తెలియాలి కదా!