పురుగుమందు కొట్టాక ఒంట్లో బాగోకపోతే డాక్టరుకు ఏం చెప్పాలి?

పత్తి, మిరప చేలో మందు కొట్టి వచ్చాక తల తిరిగితే చాలామంది రైతులు ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. ఆస్పత్రికి వెళ్లినా "నీరసంగా ఉంది" అని ఊరుకుంటారు. వడదెబ్బలోనూ, మందు విషంలోనూ తల తిరగడం, వాంతులు ఉంటాయి. చికిత్స మాత్రం వేరు. అందుకే మీరు చెప్పే మొదటి మాట "మందు కొట్టాను" అని ఉండాలి.

బాధను విడమరచి చెప్పండి

• కళ్లు తిరగడం: చుట్టూ ఉన్నవి గిర్రున తిరుగుతున్నాయా, లేచి నిలబడితే పడిపోయేలా ఉందా, చూపు మసకబారిందా? ఈ మూడూ వేర్వేరు.
• ఆయాసం: ఊపిరి అందడం లేదా, ఛాతీ పట్టేసిందా, గొంతులో గురగురమంటోందా?
• నీరు కారడం: నోట్లో చొంగ, కళ్ల నీళ్లు, విపరీతమైన చెమట, విరేచనాలు, ఆపుకోలేని మూత్రం. సిగ్గుపడకుండా చెప్పాలి.
• కండలు అదరడం: కనురెప్పలు, తొడలు వాటంతట అవే అదురుతుంటే చెప్పండి. చీటీలో దీన్ని 'ఫాసిక్యులేషన్స్' అని రాస్తారు.
• కంటిపాప సూదిమొనంత చిన్నదవడం: ఇది పక్కనున్నవారు చూసి చెప్పాలి. డాక్టర్లు 'మయోసిస్' అంటారు.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందుల విషంలో ఈ లక్షణాలు కలిసి కనిపిస్తాయి. దీనికి అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. ఆలస్యమైతే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది.

తప్పక చెప్పాల్సిన మరో నాలుగు

మందు పేరు, ఒంటిమీద పడిందా, పీల్చారా, లోపలికి వెళ్లిందా, ఎన్ని గంటలకు, బాధ ఎప్పుడు మొదలైంది. డబ్బా లేదా లేబుల్ వెంట తీసుకెళ్లండి. విరుగుడు వివరాలు దానిమీద, లోపలి కరపత్రంలో ఉంటాయి.

పారాక్వాట్ కలుపుమందు నోట్లోకి వెళితే మొదటి రోజు పెద్దగా బాధ తెలియకపోవచ్చు. తర్వాత మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దీనికి విరుగుడు లేదు. బాధ లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

వెళ్లేలోపు

108కి ఫోన్ చేయండి. మందు పడిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడగాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. స్పృహ లేనివారిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రైతు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఈ వివరాలు ఇంట్లోవారే చెప్పాలి కాబట్టి ఏ రోజు ఏ మందు కొడుతున్నారో వారికి ముందే చెప్పి వెళ్లండి.