పసిపిల్లల్లో రాత్రివేళ పదేపదే వచ్చే వాంతులు: కారణాలు, పరిశీలన

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- వాంతి ఎలా కలుగుతుందో, రాత్రిపూట ఎందుకు ఎక్కువ కావచ్చో వివరించగలుగుతారు;
- వాంతి వచ్చిన సమయాన్ని బట్టి సాధ్యమైన కారణాలను వేరుచేయగలుగుతారు;
- ఏ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదో చెప్పగలుగుతారు;
- డాక్టరుకు ఉపయోగపడే వివరాలను తల్లిదండ్రుల చేత రాయించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

ఒకటి నుంచి మూడేళ్ల లోపు బిడ్డ వారానికి రెండు మూడు రాత్రులు వాంతి చేసుకుంటూ ఉంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. తీరా మర్నాడు మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, తిరుపతిలోని రుయా ఆసుపత్రికో తీసుకువస్తే బిడ్డ చక్కగా ఆడుకుంటూ కనిపిస్తుంది. జ్వరం ఉండదు, కడుపు మెత్తగా ఉంటుంది. వాంతి రాత్రి వస్తుంది, డాక్టరు చూసేది పగలు. అందువల్ల రోగ నిర్ధారణ చాలావరకు ఇంట్లోవారు చెప్పే మాటల మీద ఆధారపడుతుంది. "రోజూ రాత్రి కక్కుతోంది సార్" అన్న ఒక్క వాక్యం దగ్గరే ఆ మాటలు ఆగిపోతే కారణం దొరకదు.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మరొక చిక్కు కూడా ఉంది. తల్లిదండ్రులు పనికోసం బెంగళూరులోనో చెన్నైలోనో ఉండగా అవ్వ దగ్గర పెరిగే పిల్లలు ఉన్నారు. రాత్రి చూసినవారు ఒకరు, ఆసుపత్రికి తెచ్చినవారు మరొకరు అవుతారు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలుగా పనిచేస్తున్న, పనిచేయబోయే విద్యార్థులు ఏమి అడగాలో తెలుసుకోవడం ఇందుకే అవసరం.

3. వాంతి ఎలా కలుగుతుంది?

వాంతి ఒక వ్యాధి కాదు, ఒక లక్షణం. మెదడు అడుగుభాగంలోని మజ్జాముఖంలో వాంతిని నియంత్రించే నాడీకేంద్రం ఉంది. దానికి ముఖ్యంగా నాలుగు దారుల నుంచి సంకేతాలు అందుతాయి. మొదటిది గొంతు, జీర్ణాశయం, పేగులు. రెండవది శరీర సమతుల్యాన్ని కాపాడే లోపలి చెవి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సులో పిల్లలు కక్కుకోవడానికి కారణం ఇదే. అక్కడ కడుపులో దోషమేమీ లేదు. మూడవది రక్తంలో చేరిన మందులు, విషాలు, కీటోన్ల వంటి పదార్థాలు. నాలుగవది మెదడు: తలలో ఒత్తిడి పెరిగినా, మూర్ఛ వచ్చినా వాంతి కావచ్చు. కాబట్టి వాంతి అనగానే కడుపునే అనుమానించడం సరికాదు.

4. రాత్రివేళ ప్రత్యేకత ఏమిటి?

పడుకున్నప్పుడు జీర్ణాశయంలోని ఆహారం అన్నవాహికలోకి సులభంగా ఎగదన్నుతుంది. ముక్కులోని చీమిడి గొంతు వెనుకకు జారి దగ్గు తెప్పిస్తుంది. రాత్రి భోజనానికి, ఉదయం పాలకు మధ్య పది గంటలకు పైగా కడుపు ఖాళీగా ఉండవచ్చు. వెల్లకిలా పడుకోవడం వల్ల తలలోని ఒత్తిడి కూడా కొంత పెరుగుతుంది. కొన్ని రకాల మూర్ఛలు నిద్రలోనే వస్తాయి. ఇవి వేర్వేరు గడియల్లో పనిచేస్తాయి గనుక వాంతి వచ్చిన సమయం మంచి ఆధారం. అయితే అది దారి చూపుతుందే తప్ప రుజువు కాదు.

5. సమయాన్ని బట్టి కారణాలు

5.1 పడుకున్న కొద్దిసేపటికి: ఆలస్యంగా కడుపునిండా తినిపించి, ఆపైన సీసాతో పాలు పట్టి పడుకోబెడితే వాంతి కావచ్చు. అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట ఉండే కండరం వదులుగా ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ. చంటిపిల్లల్లో పాలు ఎగదన్నడం సాధారణం. చాలామందిలో ఏడాది దాటేసరికి తగ్గిపోతుంది. ఏడాదిన్నర తరువాత కూడా కొనసాగినా, బరువు పెరగకపోయినా పరీక్ష అవసరం.

5.2 తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల్లో: కొందరు పిల్లల పేగులకు ఒక ప్రత్యేక ఆహారంలోని ప్రోటీను పడదు. ఆవుపాలు, గుడ్డు, చేప, సోయా, బియ్యం కూడా ఇందుకు కారణం కావచ్చు. దద్దుర్లు రావు. తిన్న కొన్ని గంటలకు వాంతులు మొదలై, బిడ్డ పాలిపోయి నీరసించిపోతుంది. ఎనిమిదికి తిన్న ఆహారానికి పదకొండుకు వాంతి అయితే ఇంట్లోవారికి ఆ రెంటికీ సంబంధం తట్టదు. ప్రతిసారీ అదే ఆహారం తిన్న రాత్రే వాంతి అవుతోందా అని చూడాలి. అలాగని డాక్టరు చెప్పకుండా పాలు, గుడ్లు మాన్పించి బిడ్డను పోషకాహార లోపానికి గురిచేయరాదు.

5.3 దగ్గు తరువాత: ఇది తరచుగా కనిపించే కారణం, తరచుగా మరచిపోయే కారణం కూడా. పసిపిల్లలు కఫాన్ని ఉమ్మలేరు, మింగుతారు. దగ్గు తెర ముదిరి కఫంతో సహా వాంతి చేసుకుని, వెంటనే తేలికపడి నిద్రపోతారు. ఉబ్బసం, పెరిగిన అడినాయిడ్లు, జలుబు, కోరింత దగ్గు ఇందుకు మూలం కావచ్చు. కట్టెల పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ, బీడీ పొగ దగ్గును పెంచుతాయి. ఇక్కడ చికిత్స చేయవలసింది వాంతికి కాదు, దగ్గుకు.

5.4 గాఢనిద్రలో హఠాత్తుగా: బిడ్డ లేచి పాలిపోయి వాంతి చేసుకోవడం, కళ్లు ఒక పక్కకు నిలిచిపోవడం, పిలిస్తే పలకకపోవడం జరిగితే అది పసితనంలో వచ్చే ఒక రకం మూర్ఛ కావచ్చు. దీనిని వివరించిన గ్రీకు వైద్యుని పేరుతో పనయోటోపులోస్ సిండ్రోమ్ అంటారు. ఇది మూడు నుంచి ఆరేళ్ల మధ్య ఎక్కువ, అంతకన్నా చిన్నవారిలోనూ రావచ్చు. కాళ్లూ చేతులూ కొట్టుకోకపోవచ్చు గనుక మూర్ఛ అన్న ఆలోచనే రాదు. చాలామందిలో వయసుతో తగ్గిపోతుంది. సెల్‌ఫోనులో తీసిన వీడియో డాక్టరుకు ఎంతో సాయపడుతుంది.

5.5 తెల్లవారుజామున: రాత్రి తినకుండా పడుకున్న సన్నని పిల్లల్లో రక్తంలో చక్కెర తగ్గి, కీటోన్లు పెరిగి, మత్తుగా ఉండి వాంతి కావచ్చు. ఇది ఏడాదిన్నర నుంచి అయిదేళ్ల లోపు కనిపిస్తుంది. విపరీతమైన దాహం, ఎక్కువ మూత్రం, బరువు తగ్గడం ఉంటే మధుమేహానికి పరీక్ష చేయించాలి. మధుమేహం పసివారికీ వస్తుంది. లేవగానే వాంతి, దానితోపాటు తలనొప్పి, తూలే నడక, కొత్తగా వచ్చిన మెల్లకన్ను ఉంటే మెదడులో గడ్డ లేదా నీరు చేరడం వంటి కారణాలను వెంటనే పరీక్షించాలి. ఇవి అరుదైనవి, కానీ ఆలస్యాన్ని సహించనివి.

5.6 విడతలు విడతలుగా: కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల వరకు ఆగకుండా వాంతులు, ఆ తరువాత వారాల తరబడి పూర్తి ఆరోగ్యం, మళ్లీ అదే తీరు. దీనిని చక్రీయ వాంతుల సిండ్రోమ్ అంటారు. లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1882లో దీనిని వర్ణించారు. కుటుంబంలో పార్శ్వపు తలనొప్పి ఉన్నవారి పిల్లల్లో ఎక్కువ. మిగతా కారణాలు లేవని తేల్చిన తరువాతే ఈ పేరు పెట్టాలి.

5.7 సమయంతో నిమిత్తం లేనివి: మూత్రనాళ ఇన్ఫెక్షన్, చెవిపోటు కూడా పసిపిల్లల్లో వాంతి రూపంలో బయటపడవచ్చు. నులిపురుగులు ఎక్కువైతే వాంతులు కావచ్చు గాని, ప్రతి వాంతికీ పురుగులే కారణం అనుకోవడం పొరపాటు. అలాగే పళ్లు రావడం వల్ల వాంతులు వస్తాయనుకుని ఊరుకోరాదు.

6. ఆలస్యం చేయరాని లక్షణాలు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.
- ఆకుపచ్చ పైత్యం లేదా రక్తంతో వాంతి
- కడుపు ఉబ్బడం. ఆగి ఆగి ముడుచుకుని ఏడవడం. ఎర్రని జిగురు విరేచనం (పేగులోకి పేగు చొచ్చుకుపోయినప్పుడు ఇలా జరుగుతుంది)
- మత్తు, పలకకపోవడం, ఫిట్స్, మెడ బిగుసుకోవడం
- తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులు
- కళ్లు లోతుకు పోవడం, కన్నీరు రాకపోవడం, ఆరు గంటలకు పైగా మూత్రం లేకపోవడం
- కిరోసిన్, పురుగుమందు, మాత్రలు మింగిన అనుమానం
- హఠాత్తుగా వాంతితోపాటు చెమట, చల్లబడిన చేతులు, ఎక్కువ చొంగ (మన ప్రాంతంలో తేలు కాటును మరువరాదు)

7. ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

వాంతి చేసుకుంటున్న బిడ్డను పక్కకు తిప్పాలి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పది నిమిషాలు ఆగి, ఓఆర్ఎస్ ద్రావణాన్ని ఒకటి రెండు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టాలి. లీటరు ప్యాకెట్టును పూర్తిగా ఒక లీటరు నీటిలోనే కలపాలి. తల్లిపాలు మాన్పించరాదు. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు గంటల ముందే ముగించడం మంచిది.

ఆముదం పట్టడం, వాతలు పెట్టించడం, పాత చీటీ మీద వాంతి మందు కొని వేయడం ప్రమాదకరం. దిష్టి తీయడం వల్ల బిడ్డకు హాని లేదు; దిష్టి తీశాము కదా అని ఆసుపత్రికి వెళ్లకపోవడం వల్లే హాని.

8. రాసి ఉంచవలసిన వివరాలు

ఒక నోటుపుస్తకంలో రెండు వారాలు ఇలా రాయించండి: తిన్నది, తిన్న సమయం, పడుకున్న సమయం, వాంతి సమయం, రంగు, ముందు దగ్గు ఉందా, తరువాత బిడ్డ ఎలా ఉంది, నెలనెలా బరువు. ఉదాహరణకు, "రాత్రి 8కి పెరుగన్నం. 8.30కి నిద్ర. 11.40కి దగ్గు, కఫంతో వాంతి. వెంటనే నిద్ర." ఇలాంటి రాత్రులు నాలుగు ఉంటే డాక్టరు ముందుగా ఊపిరితిత్తులను, ముక్కును, గొంతును చూస్తారు. తల్లికి రాయడం రాకపోతే ఆశా కార్యకర్త అడిగి రాయాలి. రాత్రి బిడ్డ పక్కన పడుకున్న అవ్వ మాటే అన్నిటికన్నా విలువైనది. వీలైతే ఆమెనే ఆసుపత్రికి రమ్మనాలి.

9. సారాంశం

రాత్రి వాంతి అనేక కారణాలకు ఒకే ముఖం. ఎక్కువ సందర్భాల్లో దగ్గు, ఆలస్యపు భోజనం, ఎగదన్నడం వంటి సులభంగా సరిదిద్దగలిగే కారణాలే ఉంటాయి. కొద్దిమందిలో పేగు, మెదడు, రక్తంలోని చక్కెరకు సంబంధించిన తీవ్రమైన కారణాలు ఉంటాయి. ఈ రెంటినీ వేరుచేయడానికి మొదటి సాధనం ఇంట్లోవారి జాగ్రత్తైన పరిశీలన.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. వాంతి కేంద్రానికి సంకేతాలు అందే నాలుగు దారులను ఉదాహరణలతో వివరించండి.
2. దగ్గు వల్ల వచ్చే వాంతికి, ఆహారం పడక వచ్చే వాంతికి తేడాలు రాయండి.
3. మీ ఊరిలో ఒక తల్లి తన రెండేళ్ల బిడ్డ లేవగానే వాంతి చేసుకుంటోందని చెప్పింది. మీరు ఆమెను అడిగే అయిదు ప్రశ్నలు రాసి, ఒక్కొక్కటి ఎందుకు అడుగుతున్నారో తెలపండి.