కడ్డీయే కదా అనుకోకండి.. కేసు మలుపు తిప్పొచ్చు!

హిమాయత్‌నగర్‌ స్టడీహాల్లో నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న సైన్స్‌ గ్రాడ్యుయేట్లలో మీరూ ఒకరా? అక్కడికి దగ్గర్లోనే, నాంపల్లి పక్కన రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్‌ సైన్స్‌ ల్యాబొరేటరీ ఉంది. ఫోరెన్సిక్‌ అనగానే డీఎన్‌ఏ, సైబర్‌ గుర్తొస్తాయి. తుపాకుల గుట్టు విప్పే బాలిస్టిక్స్‌ మీ లిస్టులో ఉందా? ఫిజిక్స్‌ అంటే ఇష్టమైతే ఉండాల్సిందే. ఈ పని ఎలా ఉంటుందో ఒక చిన్న కడ్డీతోనే అర్థం చేసుకోవచ్చు.

మూతి నుంచి నింపే తుపాకీ

మన అటవీ ప్రాంతాల్లో పోలీసులకు తరచూ దొరికే నాటు తుపాకీ భర్మార్‌. దీనికి తూటా పెట్టే గది ఉండదు. గొట్టం మూతి నుంచే మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. ఆ కడ్డీయే రామ్‌రాడ్‌. 1857 తిరుగుబాటు నాటి ఎన్‌ఫీల్డ్‌ రైఫిల్‌దీ ఇదే పద్ధతి. ఆబిడ్స్‌ పక్కన గన్‌ఫౌండ్రీకి ఆ పేరు తెచ్చిన, ఫ్రెంచ్‌ సేనాని రేమండ్‌ కాలపు ఫిరంగులనూ ఇలాగే నింపేవారు.

గురి ఎక్కడ తప్పుతుంది?

లోతు: గుండు ప్రతిసారీ మందును ఆనుకుని, ఒకే లోతులో కూర్చోవాలి. దట్టింపు మారితే వేగం మారుతుంది, గురి మారుతుంది. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టమే పేలిపోవచ్చు. అందుకే కడ్డీ మీద గుర్తు గీసుకుంటారు.

కొన: సీసపు గుండు మెత్తన. కడ్డీ కొన సరిగ్గా లేకపోతే గుండు నొక్కుకుపోయి వంకరగా వెళ్తుంది. గుండు ఒంపుకు సరిపోయేలా కొనను గుంటగా చేసేది అందుకే. కొనకు తగిలించే ‘జాగ్‌’ అనే బిళ్లకు గుడ్డ చుట్టి లోపలి మసి తుడుస్తారు. తుడవకపోతే తర్వాతి గుండు అడుగుదాకా దిగదు.

మూతి: గుండు చివరిగా తాకేది గొట్టం మూతినే. కడ్డీ అక్కడ రాసుకుని అంచు ఒకవైపు అరిగితే, మంచి రైఫిల్‌ కూడా గురి తప్పుతుంది. అందుకే కడ్డీని గొట్టం మధ్యలో నిలిపే ఇత్తడి లేదా ప్లాస్టిక్‌ గార్డు వాడతారు.

మీ రిపోర్టే కీలకం

‘అడవిపంది అనుకుని కాల్చాను’ అని నిందితుడంటాడు. ‘దగ్గర్నుంచి కావాలనే కాల్చాడు’ అని బాధితుడి కుటుంబం అంటుంది. ఎవరి మాట నిజం? నాటు తుపాకీ గొట్టం సాధారణంగా నున్నగా ఉంటుంది. రైఫిల్‌ తూటా మీద పడే గాడుల గుర్తులు ఇక్కడ దొరకవు. రవ్వలు చెదిరిన తీరు చూసి దూరం అంచనా కట్టాలి. మందు, దట్టింపు మారితే ఆ చెదిరే తీరూ మారుతుంది. కాబట్టి వీలైనంతవరకు అదే తుపాకీతో, అలాంటి మందుతోనే పరీక్షించాలి. అసలు గొట్టంలో మందు ఉందా లేదా తెలుసుకోవడానికీ కడ్డీయే సాధనం. లోపలికి దిగిన పొడవు బయటి కొలత కంటే తక్కువుంటే, అడుగున ఏదో ఉన్నట్టే! ఒకరి జైలు, మరొకరి న్యాయం ఇలాంటి కొలతల మీదే ఆధారపడొచ్చు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ 176(3) సెక్షన్‌ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్‌ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలి. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. అంటే నిపుణుల అవసరం పెరిగేదే.

ఎలా సిద్ధం కావాలి?

- డిగ్రీలో ఫిజిక్స్‌ లేదా మ్యాథ్స్‌ ఉంటే పునాది ఉన్నట్టే. ఆపైన ఫిజిక్స్‌ లేదా ఫోరెన్సిక్‌ సైన్స్‌లో పీజీ చేయండి. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్‌ సైన్స్‌ ఉంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్‌ సైన్సెస్‌ వర్సిటీ మరో దారి.
- రామంతాపూర్‌లోని సెంట్రల్‌ ల్యాబ్‌ లాంటి చోట్ల బాలిస్టిక్స్‌ శాస్త్రవేత్తల పోస్టులకు యూపీఎస్సీ ప్రకటనలు చూస్తుండండి. పోస్టును బట్టి అర్హతలు, అనుభవం మారతాయి.
- కొలిచింది కొలిచినట్టు రాసే అలవాటు చేసుకోండి. కోర్టులో లాయర్‌ అడిగే ప్రతి ప్రశ్నకూ మీ నోట్సే జవాబు.
- సాలార్‌జంగ్‌ మ్యూజియం ఆయుధాల గ్యాలరీకి ఒకసారి వెళ్లిరండి.

ఒక్క హెచ్చరిక: ఆసక్తి కొద్దీ నాటు తుపాకీ ముట్టుకోవద్దు. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకుంటే ఆయుధాల చట్టం-1959 కింద నేరం. కేసు పడితే, మీరు కోరుకున్న కొలువే చేజారిపోతుంది.