యూనివర్సిటీ ఊరికొస్తోంది సరే.. ఊరి పిల్లలు యూనివర్సిటీకి వెళ్తున్నారా?

సోమశిల అనగానే కృష్ణా బ్యాక్‌వాటర్, శ్రీశైలానికి లాంచీ ప్రయాణం, ఇన్‌స్టా రీల్స్ గుర్తొస్తాయి. పక్కనే ఉన్న కొల్లాపూర్‌లో పాలమూరు యూనివర్సిటీ పీజీ సెంటర్ ఉందని వీకెండ్ టూరిస్టుల్లో ఎంతమందికి తెలుసు? 2008లో మహబూబ్‌నగర్‌లో ఏర్పాటైన ఈ యూనివర్సిటీకి వనపర్తి, గద్వాలలోనూ పీజీ సెంటర్లున్నాయి. క్యాంపస్ దగ్గరే ఉంది. అందులోకి ఎవరు చేరుతున్నారన్నదే ప్రశ్న.

ఎందుకంటే 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అట్టడుగు స్థానం అదే. ఇక్కడ పదో తరగతి దాటడమే పెద్ద మెట్టు.

అసలు ఔట్‌రీచ్ అంటే?

కాలేజీ గోడ దాటి యూనివర్సిటీ చేసే పని. మనకు బాగా తెలిసింది ఎన్ఎస్ఎస్. 1969లో గాంధీ శతజయంతి ఏడాదిలో 37 యూనివర్సిటీలతో మొదలైంది. వాలంటీర్ ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పనిచేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల క్యాంపు ఉంటుంది. రెండోది ఉన్నత్ భారత్ అభియాన్. ఐఐటీ ఢిల్లీ దీనికి జాతీయ సమన్వయ సంస్థ. ఇందులో చేరిన విద్యాసంస్థలు గ్రామాలను దత్తత తీసుకుని, ఇంటింటి సర్వే చేసి, సమస్యలపై పనిచేయాలి.

చిక్కు ఎక్కడంటే, క్యాంపుల సంఖ్య లెక్కపెట్టడం తేలిక. మొక్కలు నాటాం, వీధులు ఊడ్చాం, ర్యాలీ తీశాం అని నివేదిక రాసేయొచ్చు (ఫొటోలకూ లోటుండదు). ఆ ఊళ్లో పది పాసై ఆగిపోయిన అమ్మాయి తిరిగి చదువులో చేరిందా అన్నది ఆ నివేదికలో కనిపించదు. సోమశిల చుట్టుపక్కల ఊళ్లలో ఇలా ఆగిపోవడానికి కారణాలూ ఒక్కటి కాదు. చేపల వేటపై బతికే కుటుంబాలున్నాయి. శ్రీశైలం ప్రాజెక్టులో భూములు పోయి, పాత ఊళ్లు వదిలి వచ్చినవాళ్లున్నారు. నల్లమలలో చెంచులున్నారు. పనుల కోసం వలసపోయే కుటుంబాలు సరేసరి. పగలు గ్రామసభ పెట్టి అవగాహన కల్పించామంటే వీళ్లలో ఎందరు వస్తారు?

చెంచుల సంగతి మరీ ప్రత్యేకం. కేంద్రం వీరిని అత్యంత బలహీన గిరిజన తెగల్లో చేర్చింది. రాష్ట్రంలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగినా, అందులో చెంచులకు విడిగా వాటా లేదు. ఇంటర్ వరకూ రానివాళ్లకు డిగ్రీ సీటు రిజర్వేషన్ ఉండి ఏం లాభం? కాబట్టి ఔట్‌రీచ్ మొదలవ్వాల్సింది పదో తరగతి దగ్గరే.

అందుకు దారులు ఉన్నాయి. పది పాసై ఆగిపోయినవారు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా ఇంటర్ చదవొచ్చు. తర్వాత అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో మొదలైన ఈ సంస్థ దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. గోండు, కోయ, చెంచు యువతకు ఉచిత డిగ్రీ చదువును 2025లో ప్రకటించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు 2016 చట్టం ఇచ్చిన హక్కు.

ఇవన్నీ ఒకే కౌంటర్‌లో చెప్పేవాళ్లు ఊళ్లో ఉండరు. క్యాంపుకొచ్చే ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు ఆ పని చేయగలరు. ఇంటింటికీ తిరిగి మధ్యలో చదువు ఆపినవారి జాబితా రాసి, సర్టిఫికెట్లు చూసి, ఫారం నింపించి, మరుసటి ఏడాది అదే ఇంటికి మళ్లీ వెళ్తే చాలు. దీనికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.

మీ సొంతూరిని ఏదైనా కాలేజీ దత్తత తీసుకుందా? ఆ ఊరి నుంచి ఎందరు అడ్మిషన్ పొందారు, వారిలో అమ్మాయిలెందరు, దివ్యాంగులెందరు అని ప్రిన్సిపల్‌ను అడగొచ్చు. చెప్పకపోతే, ప్రభుత్వ కాలేజీ లేదా యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం కింద రూ.10 ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.