చక్కెర మానేసి బెల్లం తింటే బరువు తగ్గుతామా? నా అనుభవం

మాది మంఖాల్. అగ్రికల్చర్ డిప్లొమా చేసి, ఇక్కడే ప్రకృతి వ్యవసాయంలో ఆకుకూరలు, కూరగాయలు పండిస్తున్నాను. తోటి రైతుల దగ్గర కొర్రలు, జొన్నలు, మందులు వేయని చెరుకుతో వండిన బెల్లం తీసుకుని శంషాబాద్, తుక్కుగూడ వైపు ఇళ్లకు ఇస్తుంటాను. పై వీడియోలో నేను చక్కెర లేని చాయ్ తాగడం చూశారు కదా. దాని వెనక ఉన్న కథ, లెక్క ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రెండేళ్ల కింద నా బరువు 91 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదని చెబుతారు. రైతుకు ఒళ్లు ఎందుకు వస్తుందని మీరు అడగొచ్చు. పొద్దున రెండు గంటలు పొలం, మిగతా రోజంతా బండి మీద డెలివరీలు, ఆగిన ప్రతిచోటా చాయ్. రక్త పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బిఎ1సి 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ వ్యాధికి ముందు దశ అంటారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంటే, ఈ ముందు దశలో 13.6 కోట్ల మంది ఉన్నారు. నేను కూడా అందులో ఒకడినన్నమాట.

డాక్టర్ గారు తీపి తగ్గించమన్నారు. నేను తెలివిగా చక్కెర మానేసి మన బెల్లం మొదలుపెట్టాను. చాయ్‌లో బెల్లం, తైదల జావలో బెల్లం, అన్నం తిన్నాక ఒక బెల్లం ముక్క. నాచురల్ కదా అని ధైర్యం. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయిస్తే 6.2. బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదు?

చక్కెర అంటే దాదాపు పూర్తిగా సుక్రోజ్. బెల్లంలో కూడా ఎక్కువ భాగం సుక్రోజే, మిగిలింది కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్, తేమ, ఖనిజాలు. 100 గ్రాముల చక్కెరలో 400 క్యాలరీలు ఉంటే బెల్లంలో 380 దాకా ఉంటాయి. తేనెలో కూడా నీళ్లు పోను మిగిలింది దాదాపు అంతా తీపే. బెల్లంలో ఐరన్ ఉంది, అబద్ధం కాదు. కానీ ఐరన్ కోసమైతే పప్పు, తోటకూర తిని పైన నిమ్మకాయ పిండుకోండి. దానికి నడుము పెరగదు.

మందులు లేకుండా పండిస్తే బెల్లంలో రసాయనాల భయం పోతుంది. అందులోని తీపి మాత్రం పోదు. ఈ రెండింటినీ నేను ఒకటే అనుకున్నాను.

వరికి యూరియా ఎక్కువేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. చేను నల్లగా, ఏపుగా కనబడుతుంది, తర్వాత దోమ పడుతుంది, గాలికి పడిపోతుంది. ఒంట్లో తీపి ఎక్కువైనా ఇంచుమించు అంతే. గ్లూకోజ్ రక్తంలోకి రాగానే ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి పంపుతుంది. అవసరానికి మించింది కొవ్వుగా మారుతుంది. ఫ్రక్టోజ్ ఎక్కువగా లివర్‌కే వెళుతుంది, అతిగా తింటే అక్కడే కొవ్వు పేరుకుంటుంది. ఇంకొకటి, 200 లీటర్ల జీవామృతం డ్రమ్ములో 2 కిలోల బెల్లం వేస్తే సూక్ష్మజీవులు ఎలా పొంగుతాయో మనం రోజూ చూస్తాం. పళ్ల సందుల్లో కూడా అదే జరుగుతుంది, పుచ్చు వస్తుంది.

ఎంత తినొచ్చు?

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల లెక్కలో, 2000 క్యాలరీలు తినేవాళ్లకు కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటితే ఎక్కువ కిందే లెక్క. అంటే సుమారు 5 స్పూన్లు. నేను ఆరు చాయ్‌లు, ఒక్కోదానికి రెండు స్పూన్లు. స్పూన్ 5 గ్రాములు అనుకుంటే 60 గ్రాములు. నెలకు 1800 గ్రాములు. ఒక్కడినే దాదాపు రెండు కిలోలు, అదీ ఒక్క చాయ్‌లోనే!

నేను ఏం చేశాను?

1. చాయ్‌లో వారానికి అర స్పూన్ చొప్పున తగ్గించాను. నెల రోజులకు నాలుక అలవాటు పడింది. ఇప్పుడు రోజుకు రెండే చాయ్‌లు.

2. కూల్ డ్రింక్ పూర్తిగా బంద్. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాముల పైన చక్కెర ఉంటుంది. బండిలో మజ్జిగ సీసా పెట్టుకుంటున్నా. పండ్లను జ్యూస్ చేయకుండా అట్లనే తింటున్నా, పీచు పోకుండా ఉంటుంది.

3. ప్యాకెట్ వెనక చదవడం నేర్చుకున్నా. 5 గ్రాముల చక్కెర అని ఉంటే ఒక స్పూన్ అని లెక్క. ఆర్గానిక్ బిస్కెట్ అయినా ఇదే లెక్క.

4. అన్నం సగం చేసి, పళ్లెంలో సగం కూరగాయలు పెట్టుకుంటున్నా. రాత్రికి జొన్న రొట్టె, పప్పు. అంబలి తాగితే ఉప్పు, మజ్జిగతోనే.

5. భక్ష్యాలు, అరిసెలు పండుగ రోజున మాత్రం తింటా. మిగతా రోజుల్లో ఇంట్లో ఉంచం.

స్టీవియా వేసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. బరువు తగ్గడానికి స్టీవియాతో సహా ఇలాంటి తీపి ప్రత్యామ్నాయాల మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. నాలుక తీపిని మరిచిపోవడమే అసలు పని.

ఏడు నెలల్లో 91 నుంచి 83కి వచ్చాను. హెచ్‌బిఎ1సి 5.6. ఇదంతా చక్కెర ఒక్కటి మానడం వల్లే అని చెప్పను. రోజూ 40 నిమిషాల నడక, ఏడున్నరలోపు రాత్రి భోజనం కూడా ఉన్నాయి.

ఒక జాగ్రత్త. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఒక్కసారిగా తిండి మార్చొద్దు. షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్‌ను అడిగే చేయండి.

చివరగా ఒక మాట చెప్పాలి. నా దగ్గర బెల్లం తీసుకునే ఒక పెద్దావిడ, "షుగర్ ఉన్నోళ్లు తినొచ్చా బిడ్డా?" అని అడిగితే "నాచురల్‌ది అమ్మా, ఏం కాదు" అని చెప్పిన. నా రెండో రిపోర్టు వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేసి, నేను తప్పు చెప్పినానమ్మా, తినకండి అన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి కొర్రలు పంపు" అన్నది.

ఇప్పుడు నా బెల్లం ప్యాకెట్ మీద "షుగర్ ఉన్నవారికి ఇది కూడా చక్కెరతో సమానం" అని రాస్తున్నాను. బెల్లం అమ్మకం కొంచెం తగ్గింది, నిజమే. కానీ మన దగ్గర కొనేవాళ్లు మన మాట నమ్మి తింటారు. బెల్లం అమ్మే మిత్రులు మీ ప్యాకెట్ల మీద కూడా ఈ మాట రాయండి. మన పొలంలో బెల్లం మొదటి హక్కు జీవామృతానిదే. నేలకు పెట్టండి, మనం కొంచెమే తిందాం.