ప్రోగ్రామింగ్‌కు ఏ లెక్కలు కావాలి?

సాఫ్ట్‌వేర్ రంగంలోకి వెళ్లాలంటే ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవాల్సిందే అన్నది తెలుగు ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. ఇందులో సగమే నిజం. ఎంపీసీ తప్పనిసరయ్యేది బీటెక్ సీటుకు. ప్రోగ్రామింగ్‌కు కావాల్సింది గణితం, అదీ అందులోని కొన్ని అధ్యాయాలు.

ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 160 ప్రశ్నలుంటే 80 గణితంవే. మిగతా 80 భౌతిక, రసాయన శాస్త్రాలవి. ఎంఈసీలోనూ గణితం ఉంటుంది కానీ ఆ రెండూ ఉండవు. అందుకే ఎంఈసీ చదివినవారు బీసీఏ, బీకాం కంప్యూటర్స్ వైపు మళ్లుతారు. సీబీఎస్ఈ పిల్లలకు ఇంకో మెలిక ఉంది. పదకొండులో గణితానికి తోడు 2020-21 నుంచి అప్లైడ్ మ్యాథమెటిక్స్ అనే సబ్జెక్టు కూడా వచ్చింది. వాణిజ్యం, గణాంకాల వైపు మొగ్గే ఆ పాఠ్యప్రణాళిక బిజినెస్ చదువులకు బాగుంటుంది. ఇంజినీరింగ్ ఆలోచన ఉన్నవారు మాత్రం అసలు గణితమే తీసుకోవాలి. పదిలో బేసిక్ కాకుండా స్టాండర్డ్ రాస్తే ఆ ఎంపికకు చిక్కు ఉండదు.

గ్రూపు ఏదైనా చేర్చుకునే కోర్సులూ ఉన్నాయి. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ బీఎస్‌కు పదో తరగతిలో గణితం, ఇంగ్లిష్ చదివి, ఇంటర్ ఏ గ్రూపులో పూర్తిచేసినా అర్హతే. అయితే చేరేముందు రాసే క్వాలిఫయర్‌లో గణితం, స్టాటిస్టిక్స్ ఉంటాయి. గ్రూపును తప్పించుకున్నా లెక్కలను తప్పించుకోవడం కుదరదు.

ఇంటర్ గణితంలో ప్రోగ్రామర్‌కు అన్నింటికంటే ముందు అక్కరకొచ్చేవి ప్రస్తారాలు, సంయోగాలు. లక్ష దరఖాస్తుల్లో ఒకే వివరాలతో రెండుసార్లు వచ్చినవి పట్టుకోవాలనుకుందాం. ప్రతి దరఖాస్తునూ మిగతా అన్నింటితో పోల్చే ప్రోగ్రామ్ రాయడం తేలికే. కానీ లక్షలోంచి రెండింటిని ఎన్నుకునే విధానాలెన్నో లెక్కేస్తే దాదాపు 500 కోట్ల పోలికలు తేలతాయి. అదే జాబితాను ముందుగా ఒక వరుసలో పేర్చుకుంటే, ఆ పేర్చడానికి సుమారు 17 లక్షల పోలికలు సరిపోతాయి. ఆపైన పక్కపక్కవాటిని చూసుకుంటూ పోతే చాలు, మరో లక్షతో పని అయిపోతుంది. ఈ 17 ఎక్కడిదంటే లాగరిథమ్ నుంచి: లక్షను పదిహేడుసార్లు సగం చేస్తే ఒకటికి లోపు వస్తుంది. కంప్యూటర్‌ను మార్చకుండా పనిని వేలరెట్లు తగ్గించిన లెక్క ఇది. ఉద్యోగ ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్నల్లో చాలావాటి వెనక ఉన్నదీ ఇదే.

తర్వాతి స్థానం మాత్రికలది. ఫోన్‌లో బొమ్మను తిప్పినప్పుడు ప్రతి బిందువు నిరూపకాలనూ సైన్, కొసైన్‌లున్న చిన్న మాత్రికతో గుణించడమే జరుగుతుంది. త్రికోణమితికి గేముల్లో ఉన్న పని కూడా అదే. చెత్త మెయిళ్లను వేరుచేసే పద్ధతుల్లో ఒకటి సంభావ్యత పాఠంలోని బేయీ సిద్ధాంతం మీదే నిలబడింది. కృత్రిమ మేధ వైపు చూపున్నవారు వీటికి అవకలనాన్ని కలుపుకోవాలి. మోడల్ తన పొరపాటును కొద్దికొద్దిగా తగ్గించుకునేది అవకలజాల ఆధారంగానే. వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే రోజువారీ పనిలో మాత్రం కలనగణితం అరుదుగా తగులుతుంది. పరావలయాలు, అతిపరావలయాల మీద కుస్తీ పట్టేది ప్రధానంగా ర్యాంకు కోసమే. ఆ మాట పిల్లలకు దాచకుండా చెప్పడమే మేలు.

చిత్రమేమంటే, ప్రోగ్రామర్ ఆలోచనకు అన్నింటికన్నా దగ్గరి అధ్యాయం పాఠ్యపుస్తకాల్లో నిలవడం లేదు. గణితానుగమనంలో మొదటి సంఖ్యకు సూత్రం నిజమని చూపి, ఒకదానికి నిజమైతే తర్వాతిదానికీ నిజమేనని నిరూపిస్తారు. తనను తానే పిలుచుకునే రికర్సివ్ ఫంక్షన్ రాసేటప్పుడు చేసేదీ సరిగ్గా ఇంతే: ఎక్కడ ఆగాలో చెప్పడం, ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు దారి చూపడం. ఎన్‌సీఈఆర్‌టీ భారం తగ్గించే పేరుతో పదకొండో తరగతి నుంచి ఈ పాఠాన్నీ, తర్కాన్ని పరిచయంచేసే మరో పాఠాన్నీ తీసేసింది. బీటెక్‌లో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ మొదలయ్యేసరికి ఆ లోటు తెలిసొస్తుంది. కంప్యూటర్ సైన్స్‌లో చేరబోయేవారు ఆలోగా తెలుగు అకాడమీ పాత ఇంటర్ గణితం 1ఎ పుస్తకం సంపాదించి, గణితానుగమనం అధ్యాయం లెక్కలన్నీ చేసుకోవాలి.