వ్యాయామం కూడా మందే



పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి పేరు వినని పాడిరైతు మన సంఘాలలో అరుదు. 1960 దశకంలో అది ఎముకల ఆసుపత్రిగా ఆరంభమై, తరువాత ఇతర పెద్ద జబ్బుల వైద్యానికీ విస్తరించింది. మోకాళ్ళు అరిగినవారు, తుంటి విరిగినవారు కృష్ణానగర్‌లోనో, అమీర్‌పేటలోనో బంధువుల ఇంట దిగి అక్కడ చూపించుకొని వస్తుంటారు.

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము తరచు గమనించే విషయం ఒకటున్నది. గేదెను అమ్మి, అప్పు చేసి ఆపరేషను చేయించుకున్నవారు ఇంటికి రాగానే "ఇక కదలకూడదు" అని మంచం పడుతున్నారు. మాత్రలు వేళకు మింగుతారు. నేర్పిన వ్యాయామాలు మానివేస్తారు. ఇది సగం వైద్యాన్ని చేజేతులా వదులుకోవడమే.

మోకాలి ఆపరేషను తరువాత కాలు వంచి చాపకపోతే కీలు బిగుసుకుపోతుంది. తొడ కండరం కొద్ది వారాలలోనే సన్నబడుతుంది. కదలని కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉన్నది. అందువల్లనే పాదం ఆడించడం, మోకాలు వంచడం, ఊతతో నడవడం ముందుగా నేర్పుతారు. కొంత నొప్పి సహజం. వాపు, నొప్పి పెరుగుతూంటే మాత్రం వైద్యునికి చూపించాలి.

"పొద్దస్తమానం కష్టపడే మాకు వేరే వ్యాయామమెందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గడ్డి కోసి మోపు మోసేవారికి శ్రమ చాలినంత ఉన్నది. కాని గొంతుక్కూర్చుని పాలు పితికితే మోకాళ్ళకు భారమే తప్ప గుండెకు పని తక్కువ. పాలకేంద్రానికి మోటారుసైకిలుపై వచ్చేవారికి అదీ లేదు. లండన్ బస్సులలో మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్లకన్నా గుండెజబ్బు తక్కువని 1953లోనే జెరెమీ మారిస్ బృందం వెల్లడించింది.

పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను వాడుకుంటుంది. కనుక మధుమేహానికీ, రక్తపోటుకూ నడక మేలు చేస్తుంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు, అనగా రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు, చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

అయితే మోతాదు మనిషిని బట్టి మారుతుంది. గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టాలి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆగి వైద్యుని వద్దకు వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా నడవరాదు. ఇన్సులిన్ వాడేవారు జేబులో కాస్త పటికబెల్లం ఉంచుకోవాలి.

ఆసుపత్రి నుండి తిరిగివచ్చేటప్పుడు మందుల చీటీతోబాటు వ్యాయామాల చీటీని కూడా అడిగి తెచ్చుకోవాలని మా మనవి.